అక్క మంచం దాకా వచ్చిన చేతులు

పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళకి చేతులు కడుక్కోమని చెప్పడం నా ఉద్యోగం. ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరి చివరికి ఈ పనిలో తేలాను. ఒక జబ్బుతో వచ్చినవాడు ఇంకో జబ్బు అంటించుకుని పోకుండా చూడాలి. అన్నం ముందు పసిపిల్లలకి అమ్మ చెప్పే మాటే నేనూ చెప్తాను. పసిపిల్లలైతే వింటారు.

మా అక్క ఫరీదాబాద్‌లో ఉండేది. బావ అక్కడ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. అక్కకి పేగు మెలికపడి ఆపరేషన్ చెయ్యాల్సి వస్తే, ఇంటికి దగ్గరని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాడు. కింద హాల్లో ఫౌంటెన్ ఉంది, సన్నగా సంగీతం వస్తుంటుంది. పైన వార్డులో మాత్రం అందరికీ కలిపి తలుపు పక్కన ఒకటే సింకు. మంచాల దగ్గర గోడలకి, చేతులకి రాసుకునే మందు హ్యాండ్‌రబ్ పెట్టే స్టాండ్లున్నాయి, సీసాలు లేవు. వార్డు సిస్టర్ని అడిగితే, "ఇన్‌స్పెక్షన్ ఉన్నప్పుడు పెడతారు దీదీ, అయిపోగానే స్టోర్‌లో పెట్టి తాళం వేస్తారు" అంది. బీరువాలో పట్టుచీరలాగా పండక్కి మాత్రమే బయటికి తీస్తారన్నమాట.

అక్క నోటితో ఏమీ తినకూడదు. మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి సన్నటి గొట్టం వేసి అందులోంచే ఆహారం ఎక్కిస్తున్నారు. ఆ గొట్టం మీదే అక్క బతుకుతోంది. మురికి చెయ్యి తగిలిందంటే అదే గొట్టం ఆ మురికిని నేరుగా రక్తంలోకి దింపుతుంది. అందుకే నేను సెలవు పెట్టి, మంచం పక్కన స్టూలేసుకుని కాపలా కూర్చున్నాను.

ఆదివారం మధ్యాహ్నం మా చర్చివాళ్ళు దిగారు. మా సంఘంలో సగం మంది నర్సులే. గోదావరి జిల్లాల నుంచీ, కృష్ణా నుంచీ వచ్చి ఢిల్లీ ఆసుపత్రులన్నీ నింపేశాం. ఆరాధన అయ్యాక ఒక టెంపో మాట్లాడుకుని, సంఘంలో జబ్బుపడ్డవాళ్ళు ఉన్న ఆసుపత్రులన్నీ వరసగా తిరిగి, ఒక్కొక్కరి మీదా చేతులుంచి ప్రార్థన చేసి రావడం మా ఆచారం. అలా ఎవరి పుండు పక్కనో, ఎవరి దగ్గు ముందో పెట్టిన చేతులు చివరికి మా అక్క దగ్గరికి వచ్చాయి. క్రిముల్ని ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి చేరవెయ్యడానికి ఇంతకన్నా మంచి సర్వీసు ఎవరూ నడపలేరు. పైగా నడిపేది నర్సులు! వారమంతా సబ్బు గురించి ఇతరులకి చెప్పేవాళ్ళు ఆదివారం తెల్లచీర కట్టగానే సబ్బుని మర్చిపోతారు.

నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. "అందరూ రాకండి. ఇద్దరు చాలు, అదీ సబ్బుతో కడుక్కుని. అక్కని మాత్రం ముట్టుకోవద్దు" అన్నాను.

మా పాస్టరు అయ్యగారి భార్యకి ఒళ్ళు మండింది. ఆవిడా నర్సే. "ఏంటమ్మాయ్, మాకు తెలీదా? మాకే చెప్తున్నావా?"

"తెలిసినవాళ్ళు కాబట్టే చెప్పించుకోకూడదు అమ్మగారూ."

"చేతులుంచకపోతే ప్రార్థన ఎలాగమ్మా?" అన్నారు అయ్యగారు.

"ఇక్కణ్ణుంచే చెయ్యండి అయ్యగారూ. దేవుడికి గుమ్మం అడ్డమా?"

వాళ్ళు గుమ్మంలోనే నాలుగు ముక్కల్లో ప్రార్థన ముగించి, మొహాలు మాడ్చుకుని లిఫ్టెక్కారు. అక్క అటు తిరిగి పడుకుని ఏడ్చింది. "నా కోసం అంత దూరం వచ్చినవాళ్ళని కుక్కల్ని తోలినట్టు తోలేశావే" అంది. నాకు చాలా బాధేసింది. తిట్టుకుంటే తిట్టుకోనీ, బతికితే చాలు అనుకున్నాను.

మర్నాడు పొద్దున సర్జన్‌గారు జూనియర్ల ఊరేగింపుతో రౌండుకొచ్చారు. పక్క మంచం ముసలాయన పొట్ట మీద కట్టు విప్పి, చీము ఒత్తి చూసి, అవే గ్లోవ్సుతో తిన్నగా అక్క మెడ దగ్గరికి వచ్చారు.

"సర్, గ్లోవ్స్ మార్చుకోండి" అన్నాను.

ఆయన రెండు చేతులూ ఎత్తి చూపించారు. "పహనే తో హై మేడమ్, దిఖ్ నహీ రహా క్యా?" వేసుకునే ఉన్నాగా, కనబడట్లేదా అని.

జూనియర్లు నవ్వారు. నవ్వమన్న చోట నవ్వడం కూడా వాళ్ళ చదువులో భాగమే. ఆ గ్లోవ్సు కాపాడేది ఆయన్ని, మా అక్కని కాదు. ఇన్నేళ్ళు చదివిన బుర్రకి ఈ ముక్క ఎక్కదు. నేను అక్క మెడకి చెయ్యి అడ్డం పెట్టాను. బావ నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. "ఊరుకో అమ్మాయ్. ఆయనకి కోపమొస్తే మీ అక్కనెవరు చూస్తారు?" అన్నాడు. ఈలోగా ఆయన కట్టు ఎత్తి, గొట్టాన్ని అటూ ఇటూ కదిపి, "వెరీ గుడ్" అని వెళ్ళిపోయారు.

కింద ఆఫీసుకెళ్ళి చెప్పాను. మేనేజరు నాకు కాఫీ ఇప్పించి, "అచ్ఛా మేడమ్, ఠీక్ హై మేడమ్" అని సాగనంపాడు. కాఫీ బాగానే ఉంది.

ఒకటి రెండు రోజుల్లోనే అక్కకి చలీ వణుకూ పట్టుకున్నాయి. ఒళ్ళు కాలిపోతోంది. గొట్టం తీసేశారు, మందులు మార్చారు, ఐసీయూకి తీసుకెళ్ళారు. అక్క రక్తంలో దొరికిన క్రిమీ, ముసలాయన చీములో దొరికిన క్రిమీ ఒకటేనని వార్డు సిస్టర్ నా చెవిలో చెప్పింది. సర్జన్‌గారు మాత్రం బావతో, "మీ చర్చివాళ్ళు గుంపుగా వచ్చారట కదా, ఇన్ఫెక్షన్ వాళ్ళ నుంచే" అన్నారు.

"వాళ్ళెవరూ గుమ్మం దాటలేదు. ముట్టుకున్నది మీరు" అన్నాను. ఆయన ఫోన్ చూసుకున్నారు.

ఆ సాయంత్రమే అయ్యగారి భార్య బావకి ఫోన్ చేసింది. "ప్రార్థన అడ్డుకుంటే ఇలాగే అవుతుంది" అందట. ఒకరి లెక్కన ప్రార్థన చేసినందుకు జ్వరం, ఇంకొకరి లెక్కన చెయ్యనివ్వనందుకు జ్వరం. సబ్బు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అక్కకి నా మీద కోపం తీరిందో లేదో నాకు తెలీదు. అడుగుదామనుకునేసరికి మాట పడిపోయింది.

ఒక మధ్యాహ్నం అక్క పోయింది. సర్జన్‌గారే వచ్చారు. మెడ మీద వేళ్ళు పెట్టి చూశారు, రెప్పలెత్తి టార్చి వేశారు, "సారీ" అన్నారు. తర్వాత ఐసీయూ మూలనున్న సింకు దగ్గరికెళ్ళి, చొక్కా చేతులు పైకి మడిచి, వేళ్ళ సందులూ, గోళ్ళూ, మణికట్లూ నురగొచ్చేలా తోముకున్నారు. ఎంత చక్కగా తోముకున్నారంటే, ట్రైనింగులో నేను చూపించేది సరిగ్గా అదే. బతికున్న మా అక్కని ముట్టుకునే ముందు ఒక్కసారి కూడా కడుక్కోని మనిషి, చచ్చిపోయిన మా అక్కని ముట్టుకున్నాక కడుక్కున్నాడు.