మూడో చరణం దాకా

మా పాటల టీచరుగారు పోయారు. పోయిన గురువారం పొద్దున మా అన్నయ్య ఊరి నుంచి సైకిలు మీద విజయవాడ వచ్చి, నేను తరగతిలో పాఠం చెబుతుంటే కిటికీ దగ్గర నిలబడి ఆ మాట చెప్పాడు. ఈ రోజు నేను పాఠం చెప్పగలుగుతున్నానంటే, అసలు అన్నం మింగగలుగుతున్నానంటే అదంతా ఆవిడ చలవే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

బందరు కాలువ పక్కన ఉన్న మా ఊరి చర్చిలో పాటలన్నీ ఆవిడే నేర్పేవారు. తెల్లటి మంగళగిరి చీర, ముందు హార్మోనియం, నోట్లో ఒకే మాట: "ఇంకోసారి!" మేము చాటుగా ఆవిడకు 'ఇంకోసారి అమ్మగారు' అని పేరు పెట్టుకున్నాం. ఒకరోజు అది ఆవిడ చెవిన పడనే పడింది. "పేరు బాగానే ఉందర్రా, పాటే బాగాలేదు. ఇంకోసారి!" అన్నారు.

జై ఆంధ్ర గొడవలు చల్లబడి బస్సులు మళ్ళీ తిరుగుతున్న రోజులవి. నాకు పందొమ్మిదేళ్ళు, టీచరు ట్రైనింగులో అప్పుడే చేరాను. పాటలో మొదటి చరణం శుభ్రంగా పాడేదాన్ని. మూడో చరణానికి గొంతు ముక్కులోకి పోయేది, కనురెప్పలు వాలిపోయేవి. టీచరుగారు అది బద్ధకమే అనుకున్నారు. ఆవిడ దగ్గర బద్ధకానికి ఒకటే మందు, ఇంకోసారి. ఒక సాయంత్రం వరసగా ఇరవైసార్లు పాడించారు. ఇంటికెళ్ళి గంజి తాగబోతే ముక్కులోంచి వచ్చేసింది. కంచం ముందు కూర్చుని భోరున ఏడ్చాను.

ఇంట్లోవాళ్ళు ఇద్దరు డాక్టర్లకు చూపించారు. ఇద్దరి దగ్గరికీ పొద్దున్నే, రాత్రంతా నిద్రపోయి లేచిన కడిగిన మొహంతో వెళ్ళాను. ఇంకేముంది, అన్నీ బాగానే ఉన్నాయి! ఒకాయన టానిక్కు రాశాడు. రెండో ఆయన మా నాన్నతో, "పెళ్ళి చేసెయ్యండి, అదే పోతుంది" అన్నాడు. మా నాన్న కూడా నావి వేషాలే అనుకున్నాడు. ట్రైనింగు మాన్పించేస్తానన్నాడు. నేనేమో రోజురోజుకీ చిక్కిపోతున్నాను. ముద్ద దిగక ఇలాగే పోతానేమోనని లోపల ఒకటే భయం.

అప్పుడొచ్చారు టీచరుగారు మా ఇంటికి. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"నీది బద్ధకం కాదే. బద్ధకస్తులు మొదటి చరణం నుంచే బద్ధకంగా పాడతారు. నువ్వు మూడో దానికి పడిపోతున్నావు. కాసేపు కూర్చుంటే మళ్ళీ లేస్తున్నావు. ఈ సంగతి డాక్టర్లకు చెప్పారా?"

ఎవరూ చెప్పలేదు. అడిగితే కదా చెప్పడానికి!

మర్నాడే నన్నూ నాన్ననూ వెంటబెట్టుకుని విజయవాడ గవర్నర్‌పేటలో కొత్తగా ఆస్పత్రి పెట్టిన ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన నా నోరు చూసి, కళ్ళు చూసి, "బాగానే ఉందే" అన్నారు.

"బాగానే ఉంటుందండీ. మీరు మొదటి చరణం దగ్గర చూస్తున్నారు. మూడోదాకా కాస్త ఓపిక పట్టండి" అని ఆవిడ డాక్టరుగారి బల్ల మీదే తాళం మొదలెట్టారు. "పాడవే!"

సిగ్గుతో చచ్చిపోయాను గానీ ఆవిడ మాటకు ఎదురు చెప్పే ధైర్యమేదీ! పాడాను. బయట కూర్చున్న రోగులు తలుపు సందులోంచి తొంగిచూశారు. కాంపౌండరు చేతిలో సీసాతో అలాగే నిలబడిపోయాడు. మూడో చరణానికి గొంతు కాస్త జారింది గానీ డాక్టరుగారికి అది చాల్లేదు. "ఇంకోసారి" అన్నారు టీచరుగారు. ఆ రెండోసారి సగంలోనే గొంతు ముక్కులోకి పోయింది, కుడి రెప్ప పడిపోయింది. డాక్టరుగారు కుర్చీలోంచి లేచారు.

ఒక ఇంజెక్షను ఇచ్చి గడియారం చూస్తూ కూర్చున్నారు. పావుగంటలో రెప్ప దానంతటదే లేచింది. "ఇప్పుడు పాడమ్మా" అన్నారు. చివరిదాకా పాడాను. టీచరుగారు ఇంకోసారి అనడం మరిచిపోయారు.

"ఇది మయస్తీనియా అనే జబ్బు. నరం పంపే కబురు కండకు సరిగ్గా అందదు. ఒళ్ళు తన మీద తానే తిరగబడటం వల్ల వస్తుందంటున్నారు. వేషం కాదండీ" అన్నారు డాక్టరుగారు, మా నాన్న వైపు తిరిగి. నాన్న తల దించుకున్నాడు. జబ్బుందని తెలిసి నా అంత సంతోషపడ్డ మనిషి ఇంకొకరు ఉండరేమో!

బస్టాండులో టీచరుగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఇరవైసార్లు పాడించానే తల్లీ. తెలియక నిన్ను హింస పెట్టాను. క్షమించు."

"మీరు పాడించకపోతే ఎవరికి తెలిసేదండీ?" అన్నాను.

ఆ తరవాత మాత్రలు, ఈ జబ్బుకు మూలమైన గ్రంథిని తీసెయ్యడానికి మద్రాసులో ఛాతీకి ఆపరేషను. ఏడాది తిరిగేసరికి మళ్ళీ ట్రైనింగులో కూర్చున్నాను. చర్చిలో మాత్రం ఒక మార్పొచ్చింది. ప్రతి పాటలోనూ రెండో చరణం తరవాత అందరం ఆగాలి, ఆవిడ ఒక్కరే హార్మోనియం మీద ఒక వరస వాయించేవారు. అది నా గొంతుకు విశ్రాంతి. ఈ కొత్త పద్ధతేదో బాగుందని పక్క ఊళ్ళ చర్చిలవాళ్ళు కూడా నేర్చుకుపోయారు. అలా ఎందుకు ఆగాలని అడిగితే ఆవిడ నవ్వి ఊరుకునేవారు.

శుక్రవారం సమాధి దగ్గర పాట నన్నే ఎత్తుకోమన్నారు. గంట ముందే మాత్ర వేసుకున్నాను. రెండో చరణం అయింది. ఎవరూ చెప్పకుండానే అందరం ఆగాం. హార్మోనియం చర్చిలోనే ఉంది, మూత వేసి. ఎవరూ వాయించని ఆ వరస పూర్తయ్యేదాకా ఊరంతా నిశ్శబ్దంగా నిలబడింది. అప్పుడు మూడో చరణం ఎత్తుకున్నాను. చివరిదాకా పాడాను.