కొంగు దోపిన యుద్ధరాణి

హైటెక్ సిటీ అంటే ఒకే ఒక గుండ్రటి భవనం, చుట్టూ బండరాళ్లు, ఆ రాళ్ల మధ్య మేకలు అన్నట్టుండే రోజులవి. కంప్యూటర్ ఉద్యోగం అనగానే మా కడప బంధువులంతా నేను ఆ గుండ్రటి భవనంలోనే కూర్చుంటానని అనుకునేవారు. నేనూ కాదనలేదు. నిజానికి మా ఆఫీసు దానికి కాస్త దూరంలో, ఒక కిరాయి ఇంటి మేడ మీద ఉండేది (వంటగది గట్టు మీద ప్రింటరు, బాల్కనీలో మా చెప్పులు). మా పని ఇంకా విచిత్రం. విదేశాల్లో బల్ల మీద బొమ్మలు పేర్చి ఆడే యుద్ధం ఆట ఒకటుండేది. బొటనవేలంత సైనికులు, రాక్షసులు, రాణులు. పిల్లలే కాదు, ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్లు కూడా వాటిని డబ్బాలు డబ్బాలుగా కొని దాచుకుంటారట. ఆ బొమ్మల ఆకారాలు కంప్యూటర్‌లో గీసి పంపడం మా కాంట్రాక్టు. ఇంజనీరింగ్ చదివి బొమ్మలు గీస్తున్నానంటే ఇంట్లో ఏమంటారోనని 'డిజైన్' అని మాత్రం చెప్పాను.

ఆ ఏడు ఆ ఆట తయారుచేసే కంపెనీవాళ్లు పాత లోహపు బొమ్మలు మానేసి ప్లాస్టిక్‌లోకి మారారు. దాంతో డబ్బా తెరిచేసరికి ఒకరి కత్తి విరిగి, ఇంకొకరి రెక్క ఊడి ఉంటోందని గోల. కాబట్టి కొత్త డిజైన్‌లో ఏదీ ఒంటికి దూరంగా పోకూడదు, రౌద్రం మాత్రం రవ్వంత తగ్గకూడదు. నా వంతుకు వచ్చింది యుద్ధరాణి. పాత బొమ్మలో ఆవిడ కత్తి ఆకాశానికి, జుట్టు ఒక దిక్కుకు, వీపు మీది వస్త్రం ఇంకో దిక్కుకు ఎగురుతుండేవి. ముందు కత్తి పొట్టి చేశాను. కూరగాయలు తరగడానికి కూర్చోబోతున్నట్టుందని జవాబొచ్చింది. చేతులు ఒంటికి అంటించి పంపితే బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టుందన్నారు (రోజూ మా హాస్టల్ ఉన్న మూసాపేటలో నేను చేస్తున్న పని అదే మరి). మా టీమ్ లీడర్‌ని మేం 'ఫార్వర్డ్ సార్' అనేవాళ్లం. వచ్చిన ప్రతి మెయిల్‌నూ 'ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్' అని తగిలించి మాకు తోసేసేవాడు. ఈసారి మాత్రం స్వయంగా నా కుర్చీ దగ్గరికి వచ్చాడు. "చూడమ్మా, ఇది కూడా వెనక్కి వస్తే నిన్ను పర్మనెంట్ చేయమని నేను అడగలేను" అన్నాడు. అంటే కడప తిరిగి వెళ్లి మా మామయ్య సిమెంటు కొట్లో కూర్చోవడమే. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మర్నాడు పొద్దున మా హాస్టల్ ముందు పెద్ద గొడవ. హాస్టల్ నడిపే ఆంటీది రాజమండ్రి వైపు. భర్త పోయాక ఆ ఇంట్లోనే గదులు చేసి మాలాంటి ఆడపిల్లలకు ఇచ్చింది. ఆవిడంటే మాకందరికీ హడలు. ఆ రోజు నీళ్ల ట్యాంకరు అతను సంపు సగం నింపి పైపు చుట్టేయబోతున్నాడు.

"గంతే ఉన్నయమ్మా నీళ్లు. జర జరుగు, నాకింకో ట్రిప్పుంది" అన్నాడతను.

"లారీలో ఇంకా నీళ్ల చప్పుడవుతోంది బాబూ. పైపు తియ్యి చూద్దాం" అంది ఆంటీ.

ఒక్క అడుగు కదల్లేదు. కొంగు నడుం చుట్టూ బిగించి దోపింది. జుట్టు ముడి. ఒక చెయ్యి నడుం మీద, రెండో చేతిలో అట్లకాడ ఛాతీకి ఆనించి ఉంది. గాలికి ఎగిరేది ఆవిడ మీద ఒక్కటీ లేదు, అయినా చూస్తే భయమేస్తోంది. "ఏం లొల్లి పెట్టినవమ్మా పొద్దుగాల" అని గొణుక్కుంటూ అతను పైపు మళ్లీ సంపులోకి వదిలాడు. నేను టిఫిన్ కూడా తినకుండా ఆఫీసుకు పరిగెత్తాను.

అట్లకాడ తీసి కత్తి పెట్టడం తప్ప నేను చేసిందేమీ లేదు. బొమ్మ ఒప్పుకున్నారు. 'నడుముకు ఆ గుడ్డ ఏమిటి' అని మాత్రం అడిగారు. అది మా వైపు యుద్ధ సన్నాహం అని రాయించాను. నా ఉద్యోగం ఖాయమైంది.

కొన్నాళ్లకు అచ్చు బొమ్మ పార్సెల్‌లో వచ్చింది. ఆ సంతోషంలో దాన్ని హాస్టల్‌కు తీసుకెళ్లడం నా బుద్ధిహీనత. పక్క మంచం పిల్ల చూడగానే పకపకా నవ్వింది, ఆ నవ్వు విని ఆంటీ గదిలోకి వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని బొమ్మను దీపం కింద అటూ ఇటూ తిప్పింది. రేపట్నుంచి వేరే హాస్టల్ వెతుక్కోవాలేమోనని నేను గోడకు అతుక్కుపోయాను.

"నేనింత కోపంగా కనబడతానేంటమ్మా మీకు?" అంది. గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

"కోపం కాదాంటీ, ధైర్యం" అన్నాను.

ఆవిడ బొమ్మను నా అరచేతిలో పెట్టింది. "ధైర్యం ఎక్కడిదే పిచ్చిదానా. ఆ ట్యాంకరు వెళ్లిపోతే ఇంతమంది ఆడపిల్లలకి నీళ్లెక్కణ్ణించి తేను? భయానికే నాకు నోరు లేస్తుంది" అని, పప్పు మాడుతోందంటూ వెళ్లిపోయింది. ఇరవై రెండేళ్ల దాన్ని, నాకేం అర్థమవుతుంది? ఉద్యోగం నిలిచిందన్న సంబరంలో ఆ రాత్రి రెండు చపాతీలు ఎక్కువ తిన్నాను.

ఇప్పుడు ఆ బండరాళ్లూ లేవు, మేకలూ లేవు. నా కింద పాతికమంది పిల్లలు పనిచేస్తున్నారు. క్లయింటు ఫోన్ వచ్చే రోజున నేను లేచి నిలబడి, చున్నీ నడుముకు కట్టుకుని మరీ అరుస్తానట. మొన్న నేను రావడం చూసి ఒక కుర్రాడు గబుక్కున ఏదో బొమ్మను కాగితాల కింద దాచేశాడు. చూపించమని అడగలేదు. నా గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, చాలాసేపు ఒక్కదాన్నే నవ్వుకున్నాను.