ఒక్క బ్యాండే మిగిలిన రేడియో

1988, వర్షాకాలం. రంగూన్‌లో మింగళ తౌంగ్‌న్యున్ అనే పేటలో నా రేడియో రిపేరు కొట్టు. వీధుల్లో సర్కారుకు వ్యతిరేకంగా ఊరేగింపులు, వాటి వెనకే కాల్పులు. సగం తలుపు తెరిచి పని చేసేవాణ్ణి. విడిభాగాలు బయటి దేశాల నుంచి రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఒక సెట్టు విప్పి ఇంకో సెట్టుకు ప్రాణం పోయడమే మా పని. నాకు గురువంటూ ఎవరూ లేరు. ఈ విద్యంతా లైబ్రరీ పుస్తకాల్లో నేర్చుకున్నాను. రేడియోతో సంబంధం లేనివీ అక్కడే చదివేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం నది అవతల ట్వంటే వైపు నుంచి, నాలాగే తెలుగువాడైన అప్పన్న తాత పడవలో వచ్చాడు. గోనెసంచిలో తడిసిన రేడియో. విప్పి చూస్తే బ్యాండ్ స్విచ్, అంటే స్టేషన్ల వరసను మార్చే మీట, తుప్పుపట్టి ముట్టుకుంటే రాలిపోతోంది. అలాంటిది నగరంలో మరెక్కడా దొరకదు.

"తాతా, స్విచ్ తీసేసి తీగని నేరుగా సోల్డర్ వేసి అతికిస్తాను. కానీ ఒక్క బ్యాండే పలుకుతుంది."

"ఏటేటున్నాయి బాబూ?"

"ఒకదాంట్లో ఇండియా నుంచి తెలుగు. రెండోదాంట్లో బయటి దేశం నుంచి బర్మా భాషలో వార్తలు."

తాత వాళ్ళ ఊరు ఒకప్పుడు శ్రీకాకుళం నుంచి వచ్చిన వరికూలీలది. ఒక్కో కుటుంబమే ఓడెక్కి తిరిగి ఇండియా వెళ్ళిపోయింది. ఖాళీ ఇళ్ళలోకి బర్మా కుమ్మరులు వచ్చారు. భార్య పోయాక అక్కడ తెలుగు తెలిసినవాడు ఆయనొక్కడే.

"యూరప్‌లో బాల్కన్ కొండల్లో ఒక చిన్న ఊరి గురించి చదివాను, తాతా. యుద్ధాల తర్వాత పాతవాళ్ళు పోయి కొత్తవాళ్ళు వచ్చారంట. మిగిలిన ఒక ముసలమ్మ తన భాషని కోళ్ళతో మాట్లాడేదంట."

"అదృష్టమంతురాలు. నా కోళ్ళని నక్క తినీసింది."

ఇద్దరం నవ్వాం. తర్వాత ఆయనే అన్నాడు: "మా పక్కింట్లో దో టిన్ అని బర్మా ఆవిడ, కుండలు సేస్తాది. ఆవిడ కొడుకు ఈ గొడవల్లోకి రంగూనొచ్చీసినాడు. కబురు లేదు. రోజూ సాయంత్రం ఈ రేడియో ముందర కూకుంటాది. వార్తలదే పెట్టీ బాబూ."

"మరి నీ తెలుగు?"

"ఇనీవోణ్ణి నానొక్కణ్ణే గదా."

సోల్డర్ పెట్టాను. గరగర మధ్యలోంచి ఒక బర్మా పాట తేలింది.

రేడియో సంచిలోకి చేరినా తాత లేవలేదు.

"పడవకింకా టయిముంది. ఆ ముసల్దాని ఊరి సంగతి మళ్ళీ సెప్పు. నెమ్మదిగా సెప్పు."

రాత్రుళ్ళు కాల్పుల చప్పుడుకి నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి. అయినా చెప్పాను. మధ్యమధ్యలో ఆయన "ఊఁ" కొడుతూనే ఉన్నాడు.

ఆ కొడుకు ఇల్లు చేరాడో లేదో నాకు తెలియలేదు. తాత మళ్ళీ రాలేదు.

సెట్టు ఎలా పలుకుతుందో నాకు పుస్తకాలు నేర్పాయి. ఇప్పుడు ఎవరు తెచ్చినా, విప్పేముందు దాని చుట్టూ ఎవరెవరు కూర్చుంటారో అడుగుతాను. పనయ్యాక వెంటనే లేవనివాళ్ళు కొందరుంటారు. నేనెంత అలసిపోయినా వాళ్ళను తొందరపెట్టను.