ఎర్ర సిరా నీళ్ళు

పొరపాటు చేయని మనిషి ఉండడు. కానీ చేసిన పొరపాటును ఒంటిమీద తొడుక్కుని తరగతి ముందు నిలబడే భాగ్యం అందరికీ దక్కదు. నాకు మొదటి క్లాసులోనే దక్కింది.

అప్పటికి నేను మదనపల్లెలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. పల్లె బడుల్లో ఆడపిల్లలకు నెలసరి శుభ్రత గురించి చెప్పడం నా పని. మొదటి బడి పెద్దమండ్యం వైపు. బస్సులో దారి పొడుగునా పాఠం వల్లెవేస్తూనే ఉన్నాను. దిగేసరికి పాఠం సగం ఆవిరైంది. పైగా గౌరవంగా కనిపిస్తానని తెల్ల చుడీదార్ వేసుకున్నాను. నా తెలివి చూడండి.

"ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు" అని బోర్డు మీద పెద్దక్షరాలతో రాశాను. పిల్లల తలలన్నీ కోతకొచ్చిన వరి వెన్నుల్లా కిందికి వాలాయి. ప్యాడ్ ఎంత పీల్చుకుంటుందో చూపిద్దామని ఎర్ర సిరా కలిపిన నీళ్ళు తీశాను. సీసా మూత తీసే హడావుడిలో సగం పక్కనున్న కుర్చీలో ఒలికాయి. నేను చూసుకోలేదు. మిగిలినవి ప్యాడ్ మీద పోసి చూపించి అదే కుర్చీలో కూర్చున్నాను. చల్లగా తగిలింది. చెమట అనుకున్నాను. భయపడేవాళ్ళకు తడంతా చెమటే కదా.

లేచి మళ్ళీ బోర్డు వైపు తిరిగేసరికి వెనక గుసగుసలు. ముందు వరసలోని సుజాత గబగబా వచ్చి నా వెనక అడ్డంగా నిలబడింది.

"మేడమ్, గోడకు ఆనుకోండి."

"ఎందుకమ్మా?"

"మీకు అయిండాది."

తడిమి చూసుకున్నాను. చెయ్యి ఎర్రగా వచ్చింది. "అది సిరా నీళ్ళమ్మా, నిజంగా."

"సరే మేడమ్," అంది సుజాత ఎంతో జాలిగా. "మేమూ ఇంట్లో టమోటా రసం పడిందనే సెప్తాము."

తరగతంతా ఘొల్లుమంది. అంతే, అంతసేపూ పెగలని గొంతులు ఒక్కసారిగా లేచాయి. "గుడ్డలు ఎండలో ఆరేస్తే మా అవ్వ తిడతాది మేడమ్, ఇంక యాడ ఆరేసేది?" అని ఒకరు, "కడుపునొప్పికి మాత్ర వేసుకోవచ్చునా?" అని ఇంకొకరు. నేను బల్లిలా గోడకు అతుక్కునే జవాబులు చెప్పాను.

అప్పుడే హెడ్‌మాస్టరు ఫోనుతో లోపలికొచ్చారు.

"ఫోటో తీసి పైకి పంపాల మేడమ్. అట్లా తిరిగి బోర్డు మీద రాస్తాండండి."

పిల్లలు బోర్డు మీది మాట చూశారు, నన్ను చూశారు. చెప్పేవి శ్రీరంగనీతులు, దాక్కునేది గోడచాటున.

"నడుము పట్టేసింది సార్, తిరగలేను."

ఆయన నన్నొకసారి, సుజాతనొకసారి చూసి ఫోను జేబులో పెట్టుకున్నారు.

"మా ఇంట్లో ఆమెకు కూడా నెలకొకతూరి పట్టేస్తాదిలేమ్మా. సుజాతా, మేడమ్‌కు నీ చున్నీ ఇయ్యి."

"సార్, అది సిరా..."

ఆయన కూడా జాలిగానే తల ఊపారు.

చున్నీ నడుముకు చుట్టుకుని, బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే మదనపల్లె చేరాను. దారిలో డ్రైవరు వెనకున్న దేవుడి పటం సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: టీవీ ప్రకటనల్లో ప్యాడ్ల మీద నీలం నీళ్ళు పోసేవాళ్ళను ఈ జన్మలో ఎగతాళి చేయను.