రద్దయిన జట్టు

ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు ఏమిటో చెబితే మీకు ముందు నవ్వు రావచ్చు. ఒక అట్టముక్క. పేకముక్క కన్నా కాస్త పెద్దది. దాని మీదున్న ఒక అంకెను నేను చెరిపాను. అంతే. ఎవరినీ చంపలేదు, ఎవరి కొంపా కూల్చలేదు అని నన్ను నేను సముదాయించుకుంటూనే వచ్చాను. అయినా ప్రభాకర్ అన్న పేరు ఎక్కడ వినబడినా తింటున్న కంచం పక్కకు నెట్టేస్తాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

1980ల మొదట్లో నేను మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఉండేవాణ్ని. కార్ల తలుపులకు డ్రాయింగులు గీయడం నా ఉద్యోగం. కొత్తగా వచ్చినవాణ్ని, పెళ్లి కాలేదు. శనివారం మధ్యాహ్నాలు సీతాపతి గారింటి బేస్‌మెంట్‌లో నలుగురం కలిసేవాళ్లం. సీతాపతి గారు మాలో పెద్ద, ఒక కార్ల కంపెనీలో మేనేజరు. వరంగల్ నుంచి వచ్చిన నర్సింహారెడ్డి ఒకడు. గుంటూరు వైపు మనిషి ప్రభాకర్ ఇంకొకరు. అందరిలో చిన్నవాణ్ని నేను.

మేము ఆడింది బేస్‌బాల్. అదీ బల్ల మీద, కార్డులతో, పాచికలతో. మేమెవరమూ ఈ దేశంలో అడుగుపెట్టకముందు ఎప్పుడో ముగిసిపోయిన ఒక సీజన్‌ను మొదటి నుంచి మళ్లీ ఆడుకునేవాళ్లం. ఆనాటి ఆటగాళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో కార్డు. పాచికల్లో పడిన అంకెకు ఎదురుగా కార్డు మీద ఇంకో అంకె అచ్చువేసి ఉంటుంది. ఒకటి అని ఉంటే బంతి మైదానం దాటినట్టు, హోమ్ రన్. ముప్పై ఒకటి అని ఉంటే ఔట్. ఆ కార్డు ఆ మనిషి నిజంగా ఎలా ఆడాడో దాన్ని బట్టి తయారైంది, ఫలితం మాత్రం మా చేతిలోని పాచికలది. అప్పుడు ఓడిపోయిన జట్టు మా బల్ల మీద గెలవవచ్చు. జరిగిపోయినదాన్ని మళ్లీ జరిపించవచ్చు. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన మాకు అందులో ఏం హాయి దొరికేదో ఇప్పటికీ సరిగా చెప్పలేను.

ప్రతివారం ఆ ఆటల కథనం రాసే పని నాది. తెలుగులో రాసి, కాపీలు తీయించి, ఊళ్లోని తెలుగు ఇళ్లకు పంచేవాళ్లం. ఆట తెలియనివాళ్లు కూడా చదివి నవ్వుకునేవారు. బాగా రాస్తానని పేరొచ్చింది. కానీ రాసే నా జట్టే అట్టడుగున ఉండేది. "ఏమయ్యా, నీ జట్టు గురించి రాసినప్పుడల్లా సంతాపసభకు వచ్చినట్టుందే," అనేవారు సీతాపతి గారు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ని. అది అంత లోతుగా గుచ్చుకుందా? అంత చిన్న మాటకా? నాకే నమ్మబుద్ధి కాదు.

డ్రాయింగులో తప్పు పడితే సిరాను బ్లేడుతో గీకి తీయడం మా పనిలో రోజూ ఉన్నదే. కాగితం చిరగకుండా, మచ్చ తెలియకుండా. ఒక ఆదివారం నా గదిలో కూర్చుని, నా జట్టులో మూడో బేస్ దగ్గర ఆడే ఒక మామూలు ఆటగాడి కార్డు తీసుకుని, ముప్పై ఒకటిలోని మూడును గీకేశాను. ఒకటి మిగిలింది. నేను అబద్ధం ఏదీ రాయలేదు, ఉన్నదాన్ని తగ్గించానంతే అనుకున్నాను. మనిషి తనతో తాను ఎంత తెలివిగా మాట్లాడుకుంటాడో చూడండి.

తమాషా ఏమిటంటే, ఆ అంకె నాకు పడనేలేదు. వారాలు గడిచాయి. నేను ఓడిపోతూనే ఉన్నాను. పైగా ఆ కార్డు చేతికి తగిలినప్పుడల్లా భయం. అప్పుడే ప్రభాకర్ అడిగాడు. తన మూడో బేస్ ఆటగాడికి గాయమైనట్టు పాచికల్లో పడింది, నీవాణ్ని ఇస్తావా, బదులుగా మంచి బౌలరు లాంటివాణ్ని, పిచ్చర్‌ని ఇస్తాను అన్నాడు. వద్దనవచ్చు. ఏదో ఒక సాకు చెప్పవచ్చు. ఇచ్చేశాను. ఇచ్చిన క్షణంలో నాకు కలిగింది సిగ్గు కాదు. ఊరట. నా మెడలోని పామును తీసి ఇంకొకరి మెడలో వేసి, హమ్మయ్య అనుకున్నాను.

ప్రభాకర్ గురించి చెప్పాలి. ఆ ఏడాది కార్ల కంపెనీలు మనుషుల్ని తీసేస్తున్న కాలం. ఆయన ఉద్యోగం పోయింది. నాకన్నా ఏడెనిమిదేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ని. నాకు వంట రాదని వాళ్లావిడ సలోమి వదిన చేపల పులుసు గిన్నెలో పెట్టి పంపేది. ఆదివారాలు ఊళ్లోని తెలుగు క్రైస్తవ కుటుంబాలు నాలుగైదు వాళ్లింట్లోనే ప్రార్థనకు చేరేవి. మేమెవరమూ నడపని జట్ల కార్డులన్నీ ఒక పెట్టెలో ఆయన దగ్గరే ఉండేవి. తీరిక ఉంది కాబట్టి ఆ ఆటలు ఇంట్లో తనే ఆడి, ఫలితాలు తెచ్చేవాడు. ఉద్యోగం లేని మనిషికి శనివారం ఒక్కటే గడ్డం గీసుకుని బయటికి వచ్చే రోజు. అది నాకు తెలుసు. తెలిసీ అన్నీ చేశాను.

ఆయన చేతిలో ఆ అంకె పడటం మొదలైంది. ఆ మామూలు ఆటగాడు బంతుల్ని అదేపనిగా మైదానం దాటించాడు. ప్రభాకర్ జట్టు పైకెక్కింది. నేనే ఆ కథనాలు రాశాను, పొగిడి మరీ రాశాను.

సీజన్ చివరి శనివారం సీతాపతి గారు ఆనాటి అసలు లెక్కల పుస్తకం ఒకటి తెచ్చారు. ఈ మనిషి నిజానికి ఆ ఏడాది అంతా కలిపి కొట్టిన హోమ్ రన్‌లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చన్నారు. కార్డు తీసుకుని బేస్‌మెంట్ కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నారు. గీకినచోట కాగితం పలచబడి వెలుగు తెలిసింది.

"ఇదేమిటి ప్రభాకర్?"

"నాకు తెలీదండీ."

"పెట్టె నీ దగ్గరే ఉంటుంది కదా. ఆటలోనే ఇలా ఉంటే..." సీతాపతి గారు కార్డును బల్ల మీద పెట్టేశారు. నర్సింహారెడ్డి తల దించుకున్నాడు. నావైపు ఎవరూ చూడలేదు.

ఆ గదిలో ప్రభాకర్‌ను అనుమానించడం అందరికీ ఎందుకంత సులువైంది? ఉద్యోగం లేదు, చేతినిండా సమయం ఉంది, నిజమే. ఇంకొకటి కూడా ఉంది. ఆయన మావాడు కాదన్న భావం ఒకటి మాలో ఎప్పటినుంచో ఉంది. పైకి అనుకోలేదు. అనుకోవాల్సిన అవసరం కూడా రాలేదు. నా మౌనానికి అదే నీడనిచ్చింది.

ఆయన లేచి కోటు వేసుకున్నాడు. నేను వెనకే డ్రైవ్‌వే దాకా వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. ఇప్పటికీ అలాగే అనుకుంటాను. ఆయన కారు తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"నువ్వు కూడా నమ్ముతున్నావా తమ్ముడూ?"

"లేదన్నా."

"ఆ కార్డు నీ దగ్గర్నుంచే వచ్చింది. లోపల ఆ మాట నోటిదాకా వచ్చింది నాకు. కానీ అంటే నీ మీదకి వస్తుంది. నువ్వట్లా చేసేవాడివి కాదు. అచ్చులోనే తప్పు పడిందేమో, ఏమో." కారు తాళం తీస్తూ, "సీతాపతి గారు సోమవారం నా ఉద్యోగం సంగతి వాళ్ల ఆఫీస్‌లో మాట్లాడతానన్నారు. ఇంక మాట్లాడతారంటావా?" అన్నాడు.

నేను ఏమన్నానో గుర్తులేదు. ఆయన నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

సీతాపతి గారు మాట్లాడలేదు. ఆ వారం సీజన్ మొత్తానికి కథనం రాయమన్నారు. ప్రభాకర్ జట్టు ఫలితాలను రద్దు చేశామని అందులో చెప్పాలి. రాయనని అనవచ్చు కదా? రాశాను. అబద్ధం చెప్పేది పాచికలు కావని, మనుషులని రాశాను. ఆ వాక్యం చాలామందికి నచ్చింది. ఒక విందులో ఎవరో పెద్దావిడ దాన్ని నాకే తిరిగి అప్పజెప్పింది. సలోమి వదిన కూడా చదివే ఉంటుంది. కాపీ వాళ్లింటికీ వెళ్లింది. పంచింది నేనే.

తర్వాత వాళ్లను పిలవడం మానేశారు. పుట్టినరోజులకూ, పండుగ భోజనాలకూ. ఎవరూ ఏ మాటా అనలేదు, పిలవలేదంతే. చలికాలంలో ప్రభాకర్ ఒక్కడే కాలిఫోర్నియా వెళ్లి సన్నీవేల్‌లో ఎవరి అపార్ట్‌మెంట్‌లోనో తలదాచుకుని ఉద్యోగం వెతుక్కున్నాడు. వదినా, వాళ్ల చిన్నపాపా ఆ ఏటి బడి అయ్యేదాకా ట్రాయ్‌లోనే ఉన్నారు. ఒకరోజు వాళ్ల వాకిట్లో మంచు తీస్తానని పార పట్టుకుని వెళ్లాను. వదిన వద్దంది. లోపలికి మాత్రం పిలిచి టీ ఇచ్చింది. తాగాను. ఎలా తాగానో!

ఆ దశాబ్దం చివర్లో కాలిఫోర్నియాలోనే, శాన్ రామన్‌లో ఒక గృహప్రవేశంలో మళ్లీ కలిశాం. ఆయన నిలదొక్కుకున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూడగానే కౌగిలించుకుని, పక్కనున్న స్నేహితుడితో ఇంగ్లిష్‌లో అన్నాడు, ట్రాయ్‌లో నన్ను నమ్మినవాడు ఇతనొక్కడే అని. నేను తల ఊపాను. అవును, ఊపాను. చేతిలో పళ్లెం ఉంది. వదిన కాస్త దూరంలో నిలబడి నావైపే చూస్తోంది. ఆమెకు తెలుసా? ఆ రోజు టీ ఇచ్చినప్పుడే తెలుసా? ఆ చూపును ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నా నాకు అర్థం కాలేదు.

ఆయనకు ఆ తర్వాత మంచే జరిగింది కదా అని చాలాకాలం చెప్పుకున్నాను. ఆయన మంచిని నా ఖాతాలో వేసుకునే హక్కు నాకెక్కడిది? తండ్రి లేకుండా ఆ పాప గడిపిన చలికాలాన్ని ఎవరు తిరిగి ఆడిస్తారు?

క్షమించమని ఆయన్ను ఇప్పటిదాకా అడగలేదు. అడిగితే క్షమిస్తాడు. నా భయమంతా అదే. మీ నుంచి కూడా నేనేమీ ఆశించడం లేదు. ఇన్నేళ్లలో పైకి అనని ఒక మాట, నాలో నేను కూడా పూర్తిగా అనుకోని మాట, ఒక్కసారి ఎవరి ముందైనా అనాలనిపించింది.

ప్రభాకర్ మోసం చేయలేదు. చేసింది నేను.

అనేశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.