శ్వాస శిక్షణలో పట్టిన నిద్ర

నలభై మూడేళ్లకే బాచుపల్లి నుంచి హైటెక్ సిటీలోని ఆఫీసుకు చేరేసరికి నాకు ఒంట్లో ఓపిక అయిపోయేది. అరికాళ్లలో తిమ్మిరి. ఫోను మోగితే గుండె దడ. వయసు వల్ల అనుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసులో 'కణాలకు శక్తి, నరాలకు శాంతి' అని శిక్షణ పెట్టారు. ఉద్యోగులంతా తప్పక రావాలన్నారు. శిక్షకురాలు మన ప్రతి కణంలోనూ చిన్న చిన్న విద్యుత్ కేంద్రాలుంటాయని చెప్పి, కళ్లు మూసుకుని నెమ్మదిగా ఊపిరి వదలమంది. వదిలాను.

కళ్లు తెరిచేసరికి హాలు ఖాళీ. మా అంతస్తు ఊడ్చే హౌస్‌కీపింగ్ ఆవిడ నా భుజం తడుతోంది.

"ఏంది సారూ, కూసున్నకాడనే గిట్ల పండుకున్నరు? అందరు చప్పట్లు గొట్టినా లేవలే."

లేవబోయి తూలి, కుర్చీ పట్టుకున్నాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పని తిమ్మిరి సంగతి ఆమెకు చెప్పాను.

"మా వదినెకు గిట్లనే అయింది. దవాఖానల రక్తం చూసి సూదులిచ్చిన్రు. జర చూపించుకోండ్రి."

ఆ శనివారం కూకట్‌పల్లిలో ఒక డాక్టరమ్మకు చూపించుకున్నాను. రక్తపరీక్ష రిపోర్టు చూసి ఆవిడ అడిగింది.

"గుడ్లు, మాంసం తింటారాండీ?"

"అలవాటు లేదండి."

"పాలు, పెరుగు?"

"రెండేళ్ల కిందట మానేశాను. బరువు తగ్గుతానని ఎవరో అంటే."

"తగ్గారా?"

"లేదండి."

"విటమిన్ బీ ట్వెల్వ్ తగ్గిందండి. బాగా తగ్గింది. కాఫీ ఎన్నిసార్లు?"

"ఆరు."

ఆవిడ రిపోర్టు పక్కన పెట్టి, రెండు చాలని చీటీ మీద రాసింది.

ఇంజెక్షన్లు మొదలయ్యాయి. పెరుగన్నం తిరిగొచ్చింది, కాఫీ రెండుకు దిగింది. రెండు నెలలకు తిమ్మిరి చాలావరకు పోయింది. ఆ మాట చెబుదామని వెళితే, హౌస్‌కీపింగ్ ఆవిడ మెట్ల మీద కూర్చుని ఆయాసపడుతోంది.

"ఏమైందక్కా?"

"ఏం లేదు సారూ, ఈ నడుమ ఊకె అలసటైతుంది. ఆ మేడమ్ చెప్పిన ఊపిరి గూడ తీసి చూసిన."

హౌస్‌కీపింగ్ వాళ్లకు ఆ శిక్షణ లేదు. కుర్చీలు సర్దుతూ విని నేర్చుకుందట.

మర్నాడు నా భార్య, నేను ఆమెను అదే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం.

"పొద్దున ఏం తిన్నావమ్మా?"

"చాయ్ తాగిన."

రక్తం తక్కువని తేలింది. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసిచ్చింది. తిరుగుదారిలో ఆమె మాత్రల చీటీని రెండుసార్లు మడిచి కొంగున ముడేసుకుంది. ఆకలవుతోందని తనే చెప్పింది. ముగ్గురం ఇడ్లీ తిన్నాం.