నచ్చని ఫోటోల గది

మా పెదనాన్నగారు ప్రభువునందు నిద్రించారని పోయిన మంగళవారం హాస్టల్‌కి టెలిగ్రాం వచ్చింది. అమలాపురంలో ముప్ఫై ఏళ్ళు ఫోటోలు తీసిన మనిషి ఆయన. సమాధుల తోటలో చాలామంది ఆయన గురించి మాట్లాడారు. నాకు నోరు పెగల్లేదు. అందుకే రాస్తున్నాను.

ఆయన స్టూడియోలో అందరూ ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. "గాలి వదలండి, ఎవరూ ఎత్తుకుపోరు," అనేవారాయన. ఆ మాటకి ఎవరైనా నవ్వితే ఆ ఫోటో పాడైనట్టే. పళ్ళు కనబడ్డాయనీ, మెడ వాలిందనీ జనం వద్దని వదిలేసినవాటిని ఆయన పారేసేవారు కాదు. "మనిషి దొరికింది ఇందులోనేనమ్మా," అని నాకు చూపించేవారు.

నేను పదో తరగతిలో ఉండగా స్టూడియో పైన కొబ్బరికాయలు పోసుకునే గది ఖాళీ అయింది. సున్నం తనే వేసుకుని, కోనసీమ ఫోటోగ్రాఫర్లందరూ తీసిన బొమ్మలూ అందులో పెడతానన్నారు. ఒకటే షరతు. తీయించుకున్నవాళ్ళు వద్దన్న ఫోటోలే తేవాలి, అదీ వాళ్ళని అడిగి.

నాది కాన్వెంటు దస్తూరీ అని ఆ ఫోటోగ్రాఫర్లకి ఉత్తరాలన్నీ నాచేతే రాయించారు. రాజోలు ఫోటోగ్రాఫరు ఉత్తరం పట్టుకుని కోపంగా వచ్చారు.

"మా తప్పులు మేమే గోడకెక్కించుకోవాలా అన్నగారూ?"

"ముందు నావి ఎక్కిస్తాను తమ్ముడూ. నవ్వితే నన్నే నవ్వుతారు."

"మీకేవండీ, పెద్దవారు. రేపు నన్ను పెళ్ళి ఫోటోలకి ఎవరు పిలుస్తారండీ?"

ఒప్పుకోకుండానే వెళ్ళిపోయారు. కొత్తపేట నుంచి జవాబే రాలేదు. పెదనాన్నగారు తనవి పద్దెనిమిది తగిలించి ఎదుటి గోడ ఖాళీగా ఉంచారు.

"ఒక్కరూ రాకపోతేనో?" అంది పెద్దమ్మ.

"సున్నం బాగా వేశానని చూపిస్తా," అన్నారు. సుత్తి కింద పెట్టి, "నా ఒక్కడివే అయితే అది కింద మన షాపేనే," అన్నారు మెల్లగా.

ఆదివారం ఆరాధన అయ్యాక గది తెరిచారు. ముందుగా వచ్చింది అల్లవరం నుంచి ఒక మామ్మగారు, ఊడ్పుల కూలికి వెళ్ళే మనిషి. పెట్టుకోమని ఒప్పుకున్నారే గాని తన ఫోటో ఆవిడ ఎన్నడూ చూడలేదు. అప్పట్లో అది వద్దని వదిలేసింది కొడుకు.

"ఇది నేనేనాండీ? ఇంత నవ్వేనా నేను?"

"మీరేనండీ మామ్మగారూ," అన్నారు పెదనాన్నగారు.

"మా ఆయన చెప్పేవోడు, నమ్మేదాన్ని కాదు," అంటూ ఆవిడ కిందికి వెళ్ళి, బస్సులో తనతో వచ్చినవాళ్ళందరినీ పిలుచుకొచ్చారు. ఊరికే చూసిపోదామని వచ్చిన రాజోలు ఫోటోగ్రాఫరు ఇదంతా గుమ్మంలో నిలబడి చూశారు. అటునుంచటే వెళ్ళి బస్సెక్కారు. మధ్యాహ్నానికి, తీయించుకున్నవాళ్ళని అడిగే, పేపర్లో చుట్టిన ఆరు ఫ్రేములు గుండెకానించుకుని తిరిగొచ్చారు. ఆయన వెనకే తమ ఫోటోలతో కొత్తపేటవాళ్ళిద్దరు. మూడింటికల్లా ఎదుటి గోడ నిండిపోయింది. ఇంకా తెస్తూనే ఉన్నారు.

పెదనాన్నగారు తనవి ఒక్కొక్కటే దించడం మొదలుపెట్టారు.

"అదేంటి పెదనాన్నగారూ, అవి మీవి కదా!" అన్నాను. అంతమందిలో నేను గొంతెత్తింది అదే మొదటిసారి.

"నావి ఎప్పుడైనా చూస్తారమ్మా. పాపం, రాజోలు తమ్ముడు బస్సులో నిలబడి తెచ్చేడు. ఆ మేకు ఇలా ఇయ్యి."

సాయంత్రానికి మామ్మగారిది తప్ప ఆయనవి ఒక్కటీ గోడ మీద లేవు. ఆ గదిని తలచుకుంటే నాకిప్పటికీ గర్వమే. ఆ సాయంత్రం ఆయన మాత్రం గదిలో లేరు. వెతికితే మెట్ల మీద కనిపించారు. విడిచిన చెప్పుల మధ్య, ఒళ్ళో తన ఫ్రేములు పెట్టుకుని, ఎక్కేవాళ్ళకి మోకాళ్ళు పక్కకి తిప్పి దారిస్తూ, పైన నవ్వులు వినబడినప్పుడల్లా తలెత్తి చూస్తూ.